పడమటి గేటు తాళం

ఈమధ్య అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు ఆఖరి సంవత్సరం పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. ఉద్యోగం చేసి రిటైరైన ఆడవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నా ఎక్కువమంది టీచర్లు, నర్సులు. కంపెనీలో చేసినవాళ్లు తక్కువ. నేను మాట్లాడటం అయ్యాక వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "పెద్ద కంపెనీలో చేరితే మంచిదాండి, చిన్న చోట చేరితే మంచిదాండి?" అని అడిగింది. అప్పటికే ఒక లెక్చరరుగారు వందన సమర్పణకి కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు. "రెండింటిలోనూ ఉంటాయమ్మా మంచీ చెడూ" అని చెప్పి దిగిపోయాను.

ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ మాత్రం చెప్పడానికి నన్ను ఆటో ఎక్కించి తీసుకెళ్లక్కర్లేదు. నేను చిన్న చోటా పనిచేశాను, పెద్ద కంపెనీలోనూ పనిచేశాను. అదీ ఒకే గోడల మధ్య, ఒకే కుర్చీలో. అందులో ఒక్క సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి చదువుతుందో లేదో తెలియదు. అలాంటి ప్రశ్న ఉన్నవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు.

మాది రొయ్యల ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యని కడిగి, తలా తొక్కా తీసి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది విదేశాలకి పంపుతారు. రాజోలు వైపు రోడ్డు పక్కన, కొబ్బరితోటల మధ్య ఉండేది. ఒలిచే పనంతా ఆడవాళ్లదే. చుట్టుపక్కల పేటల నుంచీ, గోదారి సముద్రంలో కలిసే ఏటిమొగ వైపు ఊళ్ల నుంచీ ఆటోల్లో వచ్చేవారు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో మేష్టారు. నన్ను కూడా టీచర్నే చేద్దామనుకున్నారు. నేను బి.కాం. చదివి ఆ ప్లాంటు ఆఫీసులో చేరాను. హాజరు, జీతాలు, సెలవులు, తగువులు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

ప్లాంటు కట్టించినాయన ఈ ప్రాంతం మనిషే, కొబ్బరి వ్యాపారంలోంచి రొయ్యల్లోకి వచ్చారు. ఒలిచేవాళ్లలో ఎవరిది ఏ ఊరో, ఎవరి మొగుడు తాగుతాడో, ఎవరి కూతురు ఇంటర్ తప్పిందో ఆయనకి తెలుసు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన రోజు తన కారు నాకిచ్చి, ఆయన మాత్రం గుమస్తా మోటారుసైకిలు వెనక కూర్చుని ఇంటికెళ్లారు. ఆ సంగతి నేను చచ్చిపోయేదాకా మర్చిపోను.

అదే పెద్దమనిషి దగ్గర మాకు పీఎఫ్ లేదు. ప్రసవానికి వెళ్లిన మనిషి తిరిగొస్తే పని ఉండేదో లేదో ఆ రోజు ఆయన మనసుని బట్టి ఉండేది. ఆయన బావమరిది ఒకడు ఒలుపు హాలు మీద పెత్తనం చేసేవాడు. వాడి నోరూ చెయ్యీ రెండూ మంచివి కావు. ఆడవాళ్లు నా దగ్గరకొచ్చి ఏడిస్తే నేను వెళ్లి చెప్పేదాన్ని. "వాడి సంగతి నేను చూస్తానమ్మా, నువ్వెళ్లు" అనేవారు. చూసింది ఎప్పుడూ లేదు. ఇక గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా వాయువు వాడతారు. అప్పుడప్పుడు ఎక్కడో కొంచెం లీకై కళ్లు మండేవి. "తలుపులు తియ్యండర్రా" అనేవారు. తలుపులు తీసేవాళ్లం. అదే మాకు తెలిసిన జాగ్రత్త.

ఆయనకి వయసు మీద పడి, కొడుకులకి ఈ వ్యాపారం మీద మనసు లేక, ప్లాంటుని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. దేశంలో చాలాచోట్ల ప్లాంట్లున్న కంపెనీ. పేరు అనవసరం.

కొత్తవాళ్లు రాగానే మాకు మెడలో ఐడీ కార్డులు పడ్డాయి. వేలు పెడితే హాజరు పడే యంత్రం వచ్చింది. రొయ్యలు ఒలిచి ఒలిచి వేలిముద్రలు అరిగిపోయిన ఆడవాళ్లని ఆ యంత్రం గుర్తుపట్టేది కాదు. రోజూ పొద్దున్న దాని ముందు ఒక తగువు. కానీ బూట్లు వచ్చాయి, గ్లవ్స్ వచ్చాయి, తలుపుకి గడియ ఉన్న మరుగుదొడ్లు వచ్చాయి. పీఎఫ్ వచ్చింది. ప్రసవానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి అదే బల్ల దగ్గర నిలబడ్డారు. బావమరిది గురించి ఒకమ్మాయి కాగితం మీద రాసి ఇస్తే, కమిటీ కూర్చుంది, అందర్నీ పిలిచి అడిగింది, నెల తిరక్కుండా వాణ్ణి పంపేసింది. నేను ఏళ్ల తరబడి బతిమాలి చేయించలేనిది అది. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మతో, "ఈ కంపెనీ ఇంకేమీ చెయ్యకపోయినా నాకు చాలు" అన్నాను.

చెయ్యనివీ ఉన్నాయి. ఒలుపు హాల్లో ఒక గాలి పంకా కాలిపోతే, కొత్తది పెట్టడానికి మేం పంపిన అభ్యర్థన మూడు ఊళ్లు తిరిగి వచ్చేసరికి వేసవి వెళ్లిపోయింది. ఎవర్ని అడిగినా, "సిస్టమ్‌లో పెండింగ్ చూపిస్తోంది మేడమ్" అని మర్యాదగా చెప్పేవారు. పాత ఆయన అయితే సాయంత్రానికి తన ఇంట్లో పంకా విప్పి పంపేవారు.

కొత్త కంపెనీతో పాటు వచ్చినవాడే మా సెక్యూరిటీ సూపర్‌వైజరు. పలివెల మనిషి. మిలిటరీలో చేసి వచ్చాడు. కంపెనీ ఉద్యోగి కాదు, కాపలాకి మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ తరఫున వచ్చాడు. జీతం ఏజెన్సీ ఇస్తుంది, చొక్కా మీద ఏజెన్సీ పేరు ఉంటుంది. కానీ మా కంపెనీ నియమాల్ని అతను నమ్మినట్టు మా మేనేజర్లు కూడా నమ్మలేదు. ఒకరోజు నేను కార్డు ఇంట్లో మర్చిపోయి వస్తే గేటు దగ్గర ఆపేశాడు.

"నేనెవరో మీకు తెలీదాండి?" అన్నాను.

"మీరెవరో నాకు తెలుసండి. గేటుకి తెలీదండి" అన్నాడు. తాత్కాలిక చీటీ రాసిచ్చి, సంతకం పెట్టించుకుని లోపలికి పంపాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ప్లాంటు మేనేజరుని కూడా టోపీ లేదని వెనక్కి పంపాడని తెలిసి కొంచెం చల్లారింది.

కంపెనీలో అందరూ నవ్వుకున్నది మాక్ డ్రిల్ గురించి. కొన్నాళ్లకోసారి సైరను మోగిస్తారు. వాయువు లీకైనట్టు అనుకుని అందరూ చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర తువ్వాలు తడుపుకుని, ముక్కుకీ నోటికీ అడ్డం పెట్టుకుని, పరిగెత్తకుండా వరసగా నడిచి, దక్షిణం వైపు మెయిన్ గేటు పక్కనున్న అసెంబ్లీ పాయింటు అనే చోట నిలబడాలి. అక్కడ ఆకుపచ్చ బోర్డు, చుట్టూ క్రోటన్ మొక్కలు. మొదటిసారి సైరను మోగినప్పుడు ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని మరీ వచ్చారు. సూపర్‌వైజరు విజిలు వేసి అందర్నీ మళ్లీ లోపలికి పంపి, మళ్లీ నడిపించాడు. కొన్ని డ్రిల్లులు అయ్యేసరికి నిద్రలో లేపినా నడిచేలా తయారయ్యారు. ఆఫీసు మేడ మీద గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఒకటి కట్టారు. దాన్ని చూసి, "పైజమా కాలు ఆరేసేరు" అని నవ్వేవారు.

ఇంకొక్క విషయం చెబితే మిగతాది అర్థమవుతుంది. ప్లాంటుకి పడమటి వైపు ఇంకో గేటు ఉండేది. రొయ్య తొక్కు తీసుకెళ్లే ట్రాక్టరు దాంట్లోంచి వెళ్లేది. ఒకసారి ఆ తొక్కు కింద సరుకు పెట్టెలు దాటించారు. అది పట్టుబడ్డాక హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. పడమటి గేటు తాళం ప్లాంటు మేనేజరు గదిలోనే ఉండాలి. ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ఆ గేటు తెరవకూడదు. ఆ ఆర్డరుని అద్దాల చట్రంలో పెట్టి గేటు పక్కనే తగిలించింది మా సూపర్‌వైజరే.

అది క్రిస్మస్‌కి ముందు వారం. మా ఆడవాళ్లలో సగానికి పైగా చర్చికి వెళ్లేవాళ్లు, ఎవరికి ఎప్పుడు సెలవు అని నా బల్ల దగ్గర పంచాయితీ నడుస్తోంది. ప్లాంటు మేనేజరు కాకినాడలో మీటింగుకి వెళ్లారు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి ఆయన, నాకంటే చిన్నవాడు, మాట తీరు మంచిది. పొద్దున టీ అయింది. మళ్లీ అందరూ బల్లల దగ్గరకి చేరారు. అప్పుడు సైరను మోగింది.

డ్రిల్లు కాదని ముక్కుకి తెలిసిపోయింది. పచ్చి మిరపకాయలు కళ్లలో పిండినట్టు ఒక్కసారిగా మంట. కంప్రెసర్ గది ఉత్తరం వైపు ఉంది. అక్కడ పైపు పగిలింది. ఒలుపు హాల్లో లీడరుగా ఉన్న ఆవిడ, ఏటిమొగ వైపు ఊరినుంచి వచ్చే పెద్దావిడ, గట్టిగా ఒక్కటే మాట అంది. "తువ్వాళ్లు తడపండి. నడవండి, పరిగెట్టకండి." అంతే. నేను చేతి మైకు పట్టుకుని ముందు నడిచాను. వెనక ఇద్దరిద్దరుగా వరస. ఎవరూ తొయ్యలేదు. ఎవరూ క్యారేజీలు తీసుకోలేదు. ఆ భయంలో కూడా, ఇంత బాగా నడుస్తున్నారే అని నాకు గర్వంగా అనిపించింది.

మేడ మూల తిరిగేసరికి మెయిన్ గేటు వైపు నుంచి సూపర్‌వైజరు రెండు చేతులూ పైకెత్తి మాకెదురు పరిగెత్తుకొస్తున్నాడు. అతని వెనక గేటు దగ్గర గార్డు మోకాళ్ల మీద కూలబడి దగ్గుతున్నాడు.

"ఇటు కాదండి. వెనక్కి తిప్పండి" అన్నాడు.

"అసెంబ్లీ పాయింటు అటే కదండి" అన్నాను.

"పైకి చూడండమ్మా."

చూశాను. మేడ మీద గుడ్డ గొట్టం నిండుగా ఉబ్బి, సరిగ్గా మెయిన్ గేటుకేసి చూపిస్తోంది. శీతాకాలం ఉత్తరపు గాలి. అసెంబ్లీ పాయింటు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి మనుషులొచ్చింది ఎండాకాలంలో, సముద్రం వైపు నుంచి గాలి కొట్టే రోజుల్లో. అప్పుడు అది సరైన చోటే. ఇప్పుడు తెల్లటి పొగ మేడ మీంచి జారి, మేం నిలబడాల్సిన ఆ మొక్కల మీదికే దిగుతోంది.

"పడమటి గేటు తియ్యాలండి" అన్నాడు.

"తాళం మేనేజరుగారి గదిలో ఉంది." ఆ గది మేడలోనే ఉంది. మేడలోకి వెళ్లే పరిస్థితి లేదు.

"మీరాయనకి ఫోను చెయ్యండమ్మా. ఈలోపల నేను పగలగొడతాను."

ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. వెనకున్నవాళ్లకి వరస ఎందుకాగిందో తెలియదు, ముందుకి నెట్టడం మొదలైంది. లీడరు ఆవిడ నా మొహం చూసింది, సూపర్‌వైజరు పరిగెడుతున్న దిక్కు చూసింది. నన్నేమీ అడగలేదు. "అందరూ ఉన్నచోటే వెనక్కి తిరగండి. ఆఖరున ఉన్నోళ్లే ఇప్పుడు ముందు. పడమటేపు నడవండి" అని వరసని తిప్పేసింది.

సూపర్‌వైజరు ఐసు గది బయట ఉన్న గునపం తీసుకుని తాళం మీద కొట్టాడు. కొటేషన్లు తెప్పించి, పరీక్ష చేయించి కొన్న తాళం అది. ఊడలేదు. మనుషులు గేటు దాకా వచ్చేశారు. కొందరికి వాంతులు మొదలయ్యాయి. అతను తాళాన్ని వదిలేసి, గడియ గోడకి బిగించిన చోట గునపం దూర్చి, కాలు గోడకి తన్ని లాగాడు. సిమెంటు పెచ్చుతో సహా గడియ ఊడొచ్చింది. ఆ ఊపుకి అద్దాల చట్రం కిందపడి పగిలింది. ఆడవాళ్లు దాని మీంచే బూటు కాళ్లతో నడిచి తోటలోకి వెళ్లారు.

తోటవాళ్లు మోటారు వేశారు. ఆ నీళ్లతో అందరూ కళ్లు కడుక్కున్నారు. నేను ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచాను. అందరూ పలికారు. లోపల శీతల యంత్రాల మెకానిక్కు గాలి సిలిండరు తగిలించుకుని వెళ్లి వాల్వు కట్టేశాడు. అమలాపురం నుంచి ఫైరింజను వచ్చేసరికి గాలి తేటపడింది. గేటు గార్డు ఒక్కడే ఊపిరితిత్తులు దెబ్బతిని కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు. మర్నాడు వెళ్లి చూస్తే అసెంబ్లీ పాయింటు బోర్డు చుట్టూ క్రోటన్ మొక్కలు ఆకులన్నీ మాడి నల్లబడి ఉన్నాయి. అక్కడ నిలబడి, ముందు రోజు తోటలో పిలిచిన పేర్లన్నీ మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

ఆ తర్వాత కంపెనీ చేసింది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆస్పత్రి ఖర్చు మొత్తం కట్టింది. ప్లాంటు మూసి ఉన్నన్నాళ్లూ కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లకి కూడా కూలి ఇచ్చింది. అలాంటి పైపులు ఏ ప్లాంట్లో ఉన్నా అన్నీ మార్పించింది. పాత ఆయన మనసు ఎంత మంచిదైనా ఇవి ఆయన వల్ల అయ్యేవి కావు.

విచారణకి హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు సేఫ్టీ, ఒకరు సెక్యూరిటీ. తెలుగులో రెండింటికీ మనం భద్రత అనే అంటాం. కంపెనీలో మాత్రం అవి వేర్వేరు అంతస్తుల్లో ఉండే వేర్వేరు డిపార్టుమెంట్లు. సేఫ్టీ ఆయన మాడిన మొక్కలకి ఫొటోలు తీసుకున్నాడు. సెక్యూరిటీ ఆయన ఊడిన గడియకి ఫొటోలు తీసుకున్నాడు.

విచారణకి ముందు ప్లాంటు మేనేజరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. సూపర్‌వైజరుతో, "నేను ఫోన్‌లో నోటిమాటగా అనుమతి ఇచ్చానని చెప్తాను. మీరూ అదే చెప్పండి. అత్యవసరంలో నోటిమాట చెల్లుతుంది" అన్నారు.

"మీరు ఫోను ఎత్తలేదు కదండి."

"అది మన ముగ్గురికే తెలుసు."

"ఆయ్. తెలుసు కదండి మరి."

నేను కూడా చెప్పాను. "మీ మంచికే అంటున్నారండి. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు."

"నాకు తెలుసమ్మా. ఆయన మనసు మంచిది" అన్నాడు. కాసేపు టోపీ చేతిలో తిప్పాడు. "గేటు దగ్గర పుస్తకంలో నేనెవర్నీ అబద్ధం రాయనివ్వలేదండి. ఒక నిమిషం ఆలస్యంగా వచ్చినోళ్లని కూడా ఆ నిమిషం రాయించేను. ఇప్పుడు నా వంతొచ్చిందని నేనెలా రాస్తానండి."

విచారణలో సెక్యూరిటీ ఆయన అడిగారు. ఎవరి అనుమతితో గేటు తెరిచారు? ఎవరి అనుమతీ లేదండి. ఆర్డరు తెలుసా? నేనే తగిలించేనండి. మెయిన్ గేటు ఎవరికి అప్పగించి వెళ్లారు? ఎవరికీ లేదండి, అక్కడ మనిషి పడిపోయేడు. ఆ సమయంలో సరుకు బయటికి పోయి ఉంటే? పోయి ఉండొచ్చండి. నేను పక్కన కూర్చుని ఇవన్నీ రాసుకుంటున్నాను. ఒక్క జవాబుకైనా కొంచెం నీరు కలుపుతాడేమోనని చూశాను. కలపలేదు.

కొన్నాళ్లకి నాకు రెండు మెయిళ్లు వచ్చాయి. ఒకే వారంలో. సేఫ్టీ డిపార్టుమెంటుది మొదటిది. ప్రతి ప్లాంట్లోనూ ఇకపై రెండు అసెంబ్లీ పాయింట్లు ఉండాలి. గాలి చూసి ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. అత్యవసర గేట్లకి తాళం వెయ్యకూడదు. మా ప్లాంట్లో సిబ్బంది చూపిన సమయస్ఫూర్తి అభినందనీయం. సెక్యూరిటీ డిపార్టుమెంటుది రెండోది. లిఖిత ఆదేశాన్ని ఉల్లంఘించినందుకూ, మెయిన్ గేటు వదిలినందుకూ ఫలానా వ్యక్తిని మా ప్లాంటు నుంచి తప్పించమని ఏజెన్సీకి తెలియజేశాం. ఇకపై కంపెనీ ప్లాంట్లలో ఎక్కడా నియమించరాదు.

నేను ఫోన్లు చేశాను. సేఫ్టీ వాళ్లు, "మేం మెచ్చుకున్నాం కదా మేడమ్, రెండోది మా పరిధి కాదు" అన్నారు. సెక్యూరిటీ వాళ్లు, "అతను మన ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి" అన్నారు. ఏజెన్సీ వాళ్లు, "క్లయింటు చెప్పింది చేస్తాం మేడమ్" అన్నారు. అందరూ నెమ్మదిగా, మర్యాదగానే మాట్లాడారు. పాత రోజులైతే ఓనరుగారింటికి వెళ్లి, ఆయన సరే అనేదాకా అరుగు మీద కూర్చునేదాన్ని. ఇక్కడ ఎవరి అరుగు మీద కూర్చోవాలో నాకు తెలియలేదు.

లీడరు ఆవిడ వచ్చి అడిగింది. "ఆయన్ని తీసేసేరంట కదండి?"

"ఆయ్."

"ఎవర్ని అడగమంటారండి మమ్మల్ని?"

ఆడవాళ్లందరి చేతా ఒక కాగితం రాయించి, నేనూ సంతకం పెట్టి పంపాను. మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం అని జవాబు వచ్చింది.

ఆఖరి రోజున సూపర్‌వైజరు బెల్టు, టోపీ, విజిలు, కార్డు నా బల్ల మీద వరసగా పెట్టాడు. కోపం ఉందాండి అని అడిగాను. "కంపెనీ మీద లేదండి. ఆర్డరు తప్పేను, తీసేసేరు. అది వాళ్ల పద్ధతి. రెండు కాగితాలూ ఒకే మనిషి చదివి ఉంటే బాగుండేదండి" అన్నాడు.

ఈ సంగతి ఎలాగో పాత ఓనరుగారి చెవిన పడింది. ఆయనకి అంబాజీపేటలో ఇంకా కొబ్బరి యార్డు ఉంది. కబురుపెట్టి, దరఖాస్తూ ప్రశ్నా ఏమీ లేకుండా పనిలో పెట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నెలలు తిరక్కుండా సూపర్‌వైజరు బజార్లో కనిపించి, అక్కడ మానేశానని చెప్పాడు.

"ఎంచేతండి? ఏమైనా అన్నారా?"

"అయ్యో, లేదండి. దేవుడులాంటి మనిషండి. మధ్యాన్నం వాళ్లింట్లోనే భోజనం పెట్టించేవారు. కానీ అక్కడ లారీ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్లిందో రాసే పుస్తకమే లేదండి. నేనొకటి పెడితే, మన లారీలే కదయ్యా అని నవ్వేరు. రాత్రి గొడౌనుకి తాళం వేస్తే, బంధువులెవరో వచ్చి ఆయన్నడిగి తీయించుకున్నారు. నాకక్కడ పనేటండి?"

తర్వాత అమలాపురంలో ఒక స్కూలు గేటు దగ్గర చేరాడు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తాతగార్లని కూడా కార్డు అడుగుతాడని పేరు తెచ్చుకున్నాడు.

నేను అక్కడే ఉన్నాను. మానేద్దామని అనుకున్న మాట నిజం. మా అమ్మకి గుండె ఆపరేషను కంపెనీ బీమా మీదే జరిగింది. పీఎఫ్ ఉంది. పైగా ఆ ఆడవాళ్లని వదిలి వెళ్లబుద్ధి కాలేదు. ఇందులో ఏ కారణం ముందో నేను తేల్చుకోలేదు. కొన్నేళ్లకి ట్రైనింగని నన్ను ఇంకో రాష్ట్రంలో ఉన్న ప్లాంటుకి పంపారు. అక్కడ ఒక కుర్ర ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపిస్తూ చెబుతున్నాడు. ముందు గాలి చూడండి. దారికి తాళం ఉంటే పగలగొట్టండి. ఎవరి అనుమతి కోసమూ ఆగకండి. టీ తాగేటప్పుడు ఈ నియమం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అని అతన్నడిగాను. "మాన్యువల్‌లో ఉంది మేడమ్" అన్నాడు. ఒక మనిషి చేసిన పనిని కంపెనీ అన్ని ప్లాంట్లకీ నేర్పింది. చిన్న చోట అయితే ఆ పని ఆ గోడల మధ్యే ఉండిపోయేది, కానీ ఆ మనిషి కూడా అక్కడే ఉండేవాడు. రెండూ ఒకేచోట దొరకడం నేను చూడలేదు.

నా రిటైర్మెంటు దగ్గరపడ్డ ఏడాది, ప్లాంట్లో సేఫ్టీ దినం ఏర్పాట్లు నాకే అప్పజెప్పారు. అతిథుల్ని పిలవడం కూడా నా పనే. నేను స్కూలు గేటు దగ్గరకి వెళ్లి సూపర్‌వైజరుని పిలిచాను. చాలాసేపు ఒప్పుకోలేదు. "అనుమతి ఉందాండి?" అని రెండుసార్లు అడిగాడు. "పిలుస్తున్నది నేను కదండి" అన్నాను.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చాడు. డ్రిల్లు జరిగింది. ఆ రోజు దక్షిణపు గాలి, అందరూ మెయిన్ గేటు వైపు నడిచారు. పాతవాళ్లు నడుస్తూనే అతన్ని చూసి తలలూపారు. లీడరు ఆవిడకి అప్పటికి మోకాళ్ల నొప్పులు. వరసలోంచి బయటికొచ్చి, "బాగున్నారా బాబుగారూ?" అంది. "వరస తప్పకండమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వి మళ్లీ వరసలోకి వెళ్లిపోయింది.

మాట్లాడమని మైకు ఇచ్చాను. "నాకు మాట్లాడ్డం రాదండి. ఆ రోజు మీరందరూ పరిగెట్టకుండా నడిచేరు. అందుకనే గేటు తీసేదాకా టైము దొరికింది. అదొక్కటి మర్చిపోకండి" అని కూర్చున్నాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అతిథి గట్టిగా చప్పట్లు కొట్టారు. ఈయన ఎవరని నన్నడిగారు. చెప్పాను. పేరు ఫోన్‌లో రాసుకున్నారు.

పది రోజుల్లో నాకు మెమో వచ్చింది. కంపెనీ ప్లాంట్లలోకి రాకూడదని నమోదైన వ్యక్తిని ఎవరి అనుమతితో లోపలికి తెచ్చారో వివరణ ఇవ్వాలి. ప్లాంటు మేనేజరు, అప్పటికి ఆయన స్థానంలో వేరే ఆయన, నన్ను పిలిచి, "రికార్డు చూసుకోలేదు, పొరపాటైంది అని రాసేయండి మేడమ్. ఇంకెన్నాళ్లున్నారని" అన్నారు. మంచి సలహాయే.

నేను నా బల్ల దగ్గరకొచ్చి రెండు వాక్యాలు రాశాను. అతను ఎవరో తెలిసే పిలిచాను. అనుమతి ఎవర్నీ అడగలేదు.

దానికి జవాబు రాలేదు. ఏ డిపార్టుమెంటు చూడాలో తేలక ఇప్పటికీ తిరుగుతోందేమో. నేను రిటైరైన నెలలో రావలసినవన్నీ మాత్రం చెప్పిన తేదీకి, ఒక్క పైసా తేడా లేకుండా నా ఖాతాలో పడ్డాయి.